గోరింటాకు పెట్టని వేలు

తొమ్మిది వేళ్ళకీ ఎర్రగా టోపీలు పెట్టుకుని ఆ ఒక్క చూపుడువేలు మాత్రం బోసిగా ఎందుకు వదిలేస్తావు అమ్మమ్మా అని నిన్న అడిగావు కదూ బంగారం? ఫోను తెరుచుకోవాలి కదా నాన్నా, అన్నాను. అబద్ధం కాదు. కానీ మీ పుణేలో వాన, ఇక్కడ వాన, మాట తెగిపోయి సగంలో ఆపేశాను. మిగతా సగం ఇప్పుడు చెప్తాను, చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఆ రోజుల్లో మాదాపూర్ అంటే రాళ్ళే. రాళ్ళ మధ్య ఒక పెద్ద అద్దాల భవనం, దాని చుట్టూ మళ్ళీ రాళ్ళు. గోదావరి పక్కనించి మొదటి ఉద్యోగానికి వచ్చిన నన్ను ఆ భవనంలో ఒక ఆఫీసు తలుపు దగ్గర కూర్చోబెట్టారు (నవ్వకండి, గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు). హాస్టల్లో నా గదిలోనే ఉండే ఒక అక్క అక్కడ పరిశోధన చేస్తుండేది. మెళ్ళో ఎప్పుడూ స్టాప్‌వాచ్. ఉప్మా వడ్డించడానికి ఎంతసేపు పట్టిందో కూడా కొలిచేది, అందుకే హాస్టలంతా సెకన్లక్క అనేవాళ్ళం. నేను ప్రతి మాటకీ 'అండి' తగిలిస్తానని ఆవిడ నన్ను అండమ్మా అనేది.

ఆవిడ పరిశోధనంతా ఆ తలుపు పక్కనున్న పెట్టె మీదే. వేలు పెడితే మనిషిని గుర్తుపట్టి తలుపు తీసే పెట్టె. మీకిది వింత కాదు, మాకు మంత్రం. మొదట్లో వేలిముద్ర తీగ వెంట పై అంతస్తులో ఉన్న పెద్ద కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, అక్కడ అందరి ముద్రలతో పోల్చుకుని, తీరిగ్గా తిరిగొచ్చేది. ఈలోగా బయట మనిషి రెండు ఆవలింతలు తీసేవాడు. "తలుపు కాడున్నోన్ని గుర్తుపట్టనీకి పైకి పోయి అడిగి రావాల్నా? ముద్రలన్నీ గీడనే పెట్టుకుంటే అయిపాయె!" అని సెకన్లక్క ఆ సాఫ్ట్‌వేర్ అమరికంతా మార్చేసింది. ఇక వేలు పెట్టడం, తలుపు టక్కుమనడం. అదయ్యాక అసలు చిక్కు మొదలైంది. మనుషులు ఒప్పుకోవాలి కదా! "బీటెక్ చదివి వేలిముద్ర వెయ్యాలా? మా తాతే సంతకం పెట్టేవాడు!" అని ఒక కళ్ళద్దాల ఇంజనీరు రోజూ గొడవ. అలాంటివాళ్ళని బుజ్జగించడమే నా పని. "ఒక్కసారి ఆనించి చూడండి, ఇబ్బందిగా ఉంటే చెప్పండి" అని మెల్లిగా అంటుంటే సిగ్గుపడైనా పెట్టేవాళ్ళు. పోనుపోను అలవాటు పడ్డారు.

ఒక సోమవారం కంపెనీ పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడన్నారు. ఆయన సరే అంటే అక్కకి అక్కడే పక్కా ఉద్యోగం, పరిశోధన సాగుతుంది. కాదంటే మూటాముల్లె సర్దుకుని ఊరికి. ఆ ముందురోజు ఆదివారం. అది ఆషాఢం. అమ్మ లేకుండా నాకు మొదటి ఆషాఢం. బోసి చేతులు చూసుకుని మూల కూర్చుని ముక్కు ఎగబీలుస్తుంటే అక్క చూసింది. "ఏందే అండమ్మా, గోరింటాకుకే గింత ఏడుపా? నడు!" అని పుప్పాలగూడలో వాళ్ళ మేనత్త ఇంటికి తీసుకెళ్ళింది. అప్పుడది పొలాల మధ్య చిన్న ఊరు. మేనత్త గోరింట చెట్టు సగం దూసిచ్చి, "ఆషాఢంల ఆడపిల్లల చేతులు గిట్ల తెల్లగుంటయా? ఏం ఆఫీసే మీది!" అని మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. సాయంత్రం హాస్టల్ రోట్లో రుబ్బాం. మా ఆఫీసు ఆడవాళ్ళమంతా అక్కడే ఉండేవాళ్ళం, అందరికీ నేనే పెట్టాను. చివర్లో అక్క ముందుకెళ్ళి, "మీకూ పెట్టనా అండీ?" అన్నాను. ఆవిడ తన వేళ్ళకేసి ఒక్క క్షణం చూసుకుంది. తర్వాత నా మొహంకేసి చూసింది. పది వేళ్ళూ చాపి, "పెట్టు" అంది.

తెల్లారి ఎంత బాగా పండిందనుకున్నారు! ఆ పండిన చేతులతో వరసగా నిలబడ్డాం. మగవాళ్ళు టక్కుటక్కున లోపలికి. మేం వేలు పెడితే పెట్టె ఎర్ర దీపం వెలిగించి మూలిగేది. కొంగుకి తుడిచాం, క్యాంటీన్ నిమ్మచెక్కతో రుద్దాం. ఆఖరికి అక్క తన పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టింది. తను కట్టిన తలుపు తనకే తెరుచుకోలేదు. లోపల్నుంచి కళ్ళద్దాలాయన, "సంతకం రానివాళ్ళుంటారని తెలుసు, వేలిముద్ర కూడా రానివాళ్ళుంటారా అండీ!" అని పగలబడి నవ్వాడు. అప్పటికే వచ్చి పక్కన నిలబడి చూస్తున్న పెద్దాయన నవ్వలేదు. అక్క ఆయనతో నిదానంగానే అంది, "సార్, జనం పెట్టెను ఒప్పుకుంటరా అనే ఇన్నొద్దులు అడిగినం. పెట్టె జనాన్ని ఒప్పుకుంటదా అని అడగలే. జర మోకా ఇయ్యున్రి, అది చూస్త." ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ వారంలోనే పెట్టె విప్పేశారు, తలుపుకి మళ్ళీ తాళం వచ్చింది.

అక్కని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. నేను ఏడుస్తుంటే, "ఫికర్ జెయ్యకే, నీ చేతులు మంచిగ పండినయ్" అంది, నేనేదో పరీక్ష పాసైనట్టు. కిటికీలోంచి ఆ ఎర్రటి అరచెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు. మాకు ఫోన్లా, పాడా? నా గోళ్ళ ఎరుపు మాత్రం మెల్లిగా చివరికి జరుగుతూ కొన్నాళ్ళుంది. ఆ చివర్లు కత్తిరించబుద్ధి కాక అలాగే పెంచుకుని, టైపు కొట్టలేక తిట్లు తిన్నాను (మీ అమ్మమ్మ తెలివి అంత!).

ఇప్పుడు ఫోను తెరిచినప్పుడల్లా ఈ బోసి వేలు ఆవిణ్ణి గుర్తుచేస్తుంది. తడి వేలు, నూనె వేలు, పసుపు వేలు, పిండి వేలు, అన్నీ నాచేత ఆ పెట్టె మీద పెట్టించి చూసిన మనిషి కదా బంగారం. గోరింటాకు సంగతి తట్టకుండా ఉంటుందా? బస్టాపులో అడగాలని నోటిదాకా వచ్చింది, ఈలోగా బస్సొచ్చేసింది. అక్కా, ఆ సాయంత్రం తెలిసే చేతులు చాపారా?