నోరా వెన్న చిలికిన పూట

హాంబర్గ్‌లో కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న అలివేలుమంగకు దొరికిన స్నేహితురాలు ఒక్కతే, కింది వాటా నోరా. ఐర్లండ్ పల్లెటూరి మనిషి, జర్మన్‌ని చేసుకుని ఇక్కడ స్థిరపడింది. ఈవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు సున్నా. అయినా రోజూ కబుర్లే! ఎవరికి ఏం అర్థమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి.

ఒక శనివారం అలివేలుమంగ పులిహోర గిన్నె పట్టుకుని కిందికి దిగింది. నోరా తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క పీపాలో మీగడ పోసి, పొడుగాటి కవ్వాన్ని పైకీ కిందికీ ఆడిస్తోంది. అది చూడగానే అలివేలుమంగ గిన్నె గడప దగ్గరే పెట్టేసి, నోరా పిలుస్తున్నా వినకుండా గబగబా మెట్లెక్కేసింది.

ఆ తర్వాత ఎదురుపడితే నోరా ముఖం తిప్పుకోసాగింది. అలివేలుమంగకు అన్నం సహించలేదు. "డాక్టర్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోనా?" అని కూతురు సంయుక్త గొడవ పెడితే నోరా తనతో మాట్లాడడం లేదన్న సంగతి బయటపెట్టింది. సంయుక్త కిందికెళ్లి కనుక్కొచ్చింది.

"అమ్మా, వాళ్ల ఊళ్లో వెన్న చిలుకుతుంటే ఎవరొచ్చినా ఓ చెయ్యి వెయ్యాలంట. వెయ్యకుండా పోతే ఆ ఇంటి చెడు కోరినట్టంట. ఆ రోజు నిజంగానే వెన్న పడలేదంటోంది. అసలు నువ్వెందుకు పారిపోయొచ్చావ్?"

అలివేలుమంగ తల దించుకుంది. "మీ నాన్న పోయాక, మీ పెద్దమ్మ చల్ల చిలికేటప్పుడు నన్ను చూస్తే తలుపేసేదే. నా కళ్లు పడితే వెన్న పడదని. ఆ మాట పడడం ఎందుకని నేనే తప్పుకోడం నేర్చుకున్నా."

సంయుక్తకు పెద్దమ్మ మీద పట్టరాని కోపమొచ్చింది. రాదూ మరి! ఆ కోపంతోనే వెళ్లి నోరాకు అంతా చెప్పింది.

నోరా ఆప్రాన్‌తోనే పైకొచ్చింది. అలివేలుమంగ చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది. పీపాలో మళ్లీ మీగడ పోసి, కవ్వం ఆమె చేతికిచ్చింది. అలివేలుమంగ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పడకపోతే?"

సంయుక్త ఆ మాట ఇంగ్లీషులో చెప్పి, జవాబు తెలుగులో చెప్పింది. "పడేదాకా ఇద్దరూ చిలుకుదామంటోందమ్మా."

అలివేలుమంగ చేతుల మీద నోరా తన చేతులు వేసింది. చిలికారు, చిలికారు. భుజాలు లాగేశాయి. కాసేపటికి లోపల చప్పుడు మారింది, కవ్వం బరువెక్కింది. నోరా మూత తీసింది. పచ్చటి వెన్న, ముద్దలు ముద్దలుగా తేలుతోంది.

అలివేలుమంగ పీపా మీదికి వంగి, కళ్లు తుడుచుకుంటూ, కళ్లారా చూసింది.