ఇనుము లేని గ్రాఫైట్

ఇవాళ ల్యాబ్‌లో రియాక్టర్ గొట్టం విప్పగానే కిరసనాయిలు లాంటి వాసన గుప్పుమంది. నా విద్యార్థిని ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఎస్తేరు మేడం గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నేను పరిశోధన చేసిన రోజుల్లో ఆవిడ నా గైడు. క్లాసులో పుస్తకం భాష మాట్లాడేవారు. ల్యాబ్ గడప దాటితే చాలు, అచ్చం మా ఊరి చేపలరేవు మాటే.

మా పని చెప్పడానికి సులువే. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన గ్యాసును వేడి గొట్టంలోకి పంపి, పెట్రోలు, డీజిలు వంటి నూనెలుగా మార్చాలి. ఆ మార్పు జరిపించే ఉత్ప్రేరకాన్ని గ్రాఫైట్ పొడికి ఇనుము పట్టించి నేను తయారుచేశాను. మూడేళ్లకు నూనె బ్రహ్మాండంగా వచ్చింది. నా సంబరం ఏం చెప్పను, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. పేపరు రాశాం, పత్రికవాళ్లు వేస్తామన్నారు. ఆవిడ దగ్గర చేరిన చివరి విద్యార్థిని నేను. రిటైరయ్యేలోగా నా థీసిస్ పూర్తిచేయించాలని ఆవిడ ఆశ.

"ఇనుము కలపని ఒట్టి గ్రాఫైటు ఏసి ఓపాలి నడిపి సూసావేటే?" అని ఒకరోజు అడిగారు.

"ఒట్టి గ్రాఫైట్ ఏమీ చేయదని అందరికీ తెలిసిందే కదా మేడం."

"అందరి సంగతీ నాకొద్దు. నువ్వు సూసావా?"

విసుక్కుంటూనే నడిపాను. ఇనుము లేకుండానే నూనె వచ్చింది, దాదాపు ముందు వచ్చినంతా. గొట్టం విప్పి చూశాను. నాకు ముందు పనిచేసినవాళ్ల ప్రయోగాల ఇనుము దాని గోడలకు పేరుకుపోయి ఉంది, ఇన్నాళ్లూ పనిచేసింది అదే. నా ఉత్ప్రేరకం గొప్పేమీ లేదు. ఫలితం రాసిన కాగితాన్ని నా సంచిలో దాచేసి రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. దాచడమెందుకు, చింపేద్దామనే అనుకున్నాను. మూడో రోజు ఆవిడే "ఏటైనాదే?" అని అడిగితే ఏడ్చేసి కాగితం చేతిలో పెట్టాను.

"మనం చెప్పకపోతే ఎవరికీ తెలీదు మేడం," అన్నాను.

"నాకు తెలిసిపోనాది కదే," అన్నారు. "రేపు ఎవలో పిల్ల మన లెక్క నమ్మి, మూడేళ్లు ఇలాగే గొట్టం ముందు కూకుంటాది. దానికేటి సెప్తావు?"

ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాసి, ముందు తను సంతకం పెట్టారు. కొత్త గొట్టంతో పని మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నూనె తక్కువే వచ్చింది గానీ, అది మా ఉత్ప్రేరకం చేసినదే. థీసిస్ పూర్తయ్యేలోగా ఆవిడ రిటైరైపోయారు. నిబంధన ప్రకారం అట్ట మీద గైడుగా వేరొకరి పేరు పడింది.

థీసిస్ పుస్తకం పట్టుకుని చీపురుపల్లిలో ఆవిడ ఇంటికి వెళ్లాను. అట్ట మీది ఆ పేరు కనబడకుండా చేయి అడ్డం పెట్టి ఇచ్చాను. ఆవిడ నా చేయి తీసి, పేరు చదివి, "పర్లేదే. లోపలున్నది నిజమేనా?" అన్నారు.

"నిజమే మేడం."

"అయితే కూకో, అన్నం తిందువుగాని."

ఆ అట్ట మీద ఆవిడ పేరు లేకపోవడానికి కారణం నేనే. మొదటి నెలలో చేయాల్సిన ఒట్టి గ్రాఫైట్ పరీక్ష మూడేళ్లదాకా చేయలేదు. నా దగ్గర చేరే ప్రతి పిల్లకీ మొదటి రోజే ఈ సంగతి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది. ఉండాలి కూడా.