వీపుల పుస్తకం

మా పిన్ని దర్జీ. సాయంత్రం ఐదు కాగానే కుట్టు మిషనుకు ముసుగు తొడిగి, దుకాణానికి ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో కూర్చుంటుంది. కొలతల పుస్తకం వెనక పేజీల్లో, అక్కడికి వచ్చి కూర్చునేవాళ్ల బొమ్మలు గీస్తుంది. అడగకుండా గీయడం తప్పని నేను ఆక్షేపించాను. సమాజ పరిశోధన చదివినదాన్ని. అనుమతి లేనిదే ఎవరి వివరమూ ముట్టుకోరాదని నేర్చుకున్నదాన్ని.

"ముఖం గీస్తే కదే తప్పు! నేను గీసేది వీపులు. వీపు చూసి మనిషిని ఎవరు పోల్చుకుంటారు?" అంది పిన్ని.

అలాగైతే కనీసం ప్రతి బొమ్మ కిందా తేదీ, సమయం రాయమన్నాను. కొంప ముంచింది ఆ సలహానే.

గత నెలలో మా వీధి లైబ్రేరియన్‌గారి భార్య బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి, తన పాత కొలతల కోసం పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"వదినా, ఇది మా ఆయన వీపు!"

లైబ్రేరియన్‌గారి ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. అది కనబడకుండా చొక్కా భుజంలో అదనపు పొర పెట్టి జంట కుట్టు వేసేది పిన్నే. దర్జీ కన్ను కనుక, బొమ్మలో ముఖాన్ని వదిలిందే గాని కుట్టును వదల్లేదు. వీపు బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కకు చాచిన చేతిలో ఐస్‌క్రీమ్ కోను. అలాంటివి నాలుగు పేజీలు. నాలుగింటి కిందా తేదీ, ఐదుంబావు.

"డాక్టరు చెప్పాడని రోజూ గంటసేపు నడిచొస్తున్నానంటాడే! ఇదా నడక?" అంటూ ఆవిడ విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు ఆయన అదే చొక్కాతో ఊడిపడ్డారు.

"ఎంత పని చేశావు చెల్లెమ్మా! దొంగచాటుగా మనుషుల్ని గీస్తావని వీధంతా చాటానంటే నీ గడప ఎవరైనా తొక్కుతారా? ఆ పుస్తకం ఇటియ్యి, చింపేస్తాను."

రెండేళ్ల బొమ్మలవి. పిన్ని పుస్తకాన్ని గుండెకు అదుముకుంది.

"తప్పు నాదే అన్నయ్యగారూ, అడిగి గీయాల్సింది. మీ నాలుగు పేజీలూ తీసుకోండి. మిగతా వీపులు మీవి కావు కదా!"

ఆయన పేజీలు జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించారు.

"ఇంట్లో నా మాట చెల్లడం లేదమ్మా. నువ్వు గీస్తే నమ్ముతుంది. నేను నడుస్తున్నట్టు ఓ బొమ్మ గీసి, కింద నిన్నటి తేదీ వేసెయ్."

"చూడనిది గీయడం నాకు చేతకాదు. నడవండి, గీస్తాను."

"ఇప్పుడా?"

"నాకు పెన్సిలుంది, మీకు కాళ్లున్నాయి. ఇంకేం కావాలి?"

ఆనాటి నుంచి ఐదుంబావుకు లైబ్రేరియన్‌గారు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నారు, పిన్ని గీస్తోంది, ఆదివారం ఆయన భార్య వచ్చి తేదీలు తనిఖీ చేస్తోంది. బస్‌స్టాపులో వాళ్లను కూడా పిన్ని ఇప్పుడు అడిగే గీస్తోంది. అడగ్గానే అందరి వీపులూ కర్రల్లా బిగుసుకుంటున్నాయని, దీనికి నా చదువులో మందేమైనా ఉందా అని దెప్పుతోంది. ఇంకా వెతుకుతున్నాను.

నేను తయారుచేసిన అనుమతి పత్రం మీద మొదటి సంతకం లైబ్రేరియన్‌గారిదే. ఎడమ భుజం కాస్త ఎత్తి గీయాలని ఒక షరతు పెట్టబోయారు.

"కుట్టులో అయితే దాస్తాను గాని, గీతలో దాచను. నడవండి, పొద్దు పోతోంది" అంది పిన్ని.