దూలానికి వేలాడిన తీగ

ఆదాం స్థిమితంగా చేసిన ఆఖరి పని, మూరెడు తీగ కోసి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టడం.

నల్లపాడు దగ్గర ఓ కాలేజీ మొక్కల తోటకి ఆయన ముప్పయ్యేళ్ళుగా మాలి. అరవయ్యేళ్ళ కిందట అనంతపద్మనాభం మాస్టారు నల్లమలంతా తిరిగి తెచ్చిన తీగలు పన్నెండు అక్కడ ఒకే పందిరి మీద బతుకుతున్నాయి. ఆదాంకి చదువు రాదు. ఒక్కో తీగకి కట్టిన పేరు రేకు మీది సొట్టలే ఆయనకి అక్షరాలు.

"షుగరు నన్ను పీల్చేస్తోంది, తిప్పతీగ ఇయ్యవయ్యా. మూరెడేనా? మీ తాత సొమ్మా ఏం?" అంది కోటేశ్వరమ్మ. పెదకాకాని నుంచి ఏటా వస్తుంది.

"మా తాతది కాదమ్మా, మాస్టారిది. అందుకే మూరెడు," అని నవ్వాడు.

ఆమె వెళ్ళిన రెండు గంటలకి, కూతురు సఫూరా టీ తెచ్చేసరికి ఆయన పందిరి కింద చెమటతో ముద్దయి ఉన్నాడు. ఆయన తీగ కోసిన చోట, కొమ్మల్లో చిక్కుకుని ఎండిన కాయల గుత్తి. అవి కాకమారి కాయలు, నీళ్ళలో వేస్తే చేపలు చచ్చి తేలతాయి.

ఎండలకి ఆకు రాల్చాక తిప్పతీగా, కాకమారి తీగా ఒక్కలాగే ఉంటాయి. డిసెంబరు తుపానుకి పందిరి కూలితే రేకులు మళ్ళీ కట్టింది ఆయనే.

"దాని రేకు దీనికి కట్టానేమోనే. ఆవిడ మరగబెట్టుకుని తాగేస్తుంది!"

ఫోను నంబరు లేదు. స్కూటీ మీద పెదకాకాని బయల్దేరారు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయల ఘాటు. తండ్రి వేళ్ళు సఫూరా భుజంలో దిగబడుతున్నాయి. ఆయనకి ఊపిరి అందడం లేదు.

"నాన్నా, ఆస్పత్రికి పోదాం."

"ముందు ఆవిడ దగ్గరికి పోనీ. నా చేత్తో ఇచ్చానే."

ఇంటికి తాళం. పక్కింటి మాధురి బయటికొచ్చింది. "పిన్ని ఇందాకే గ్లాసుడు ఏదో తాగి, పర్చూరు కూతురింటికని బస్సెక్కిందండీ."

ఆదాం అరుగు మీద కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు, ఫాతిహా ప్రార్థనకి కోటేశ్వరమ్మ వచ్చింది. ఆ రోజు తాగింది మజ్జిగట.

"తెచ్చిన రోజే ఎవరు తాగుతారే పిచ్చిపిల్లా! దూలానికి వేలాడదీస్తాం. మట్టీ నీళ్ళూ లేకుండా చిగురిస్తేనే తిప్పతీగ. లేదంటే పారేస్తాం. మా అమ్మ నాటి నుంచీ అంతే."

సంచిలోంచి ఆ మూరెడు తీగ తీసి సఫూరా ఒళ్ళో పెట్టింది. దాని మొనన రెండు లేతాకులు విచ్చుకుని ఉన్నాయి.