కన్ను కొలిచే చెయ్యి

మా సీనియర్ అక్క పోయిందని సోమవారం పొద్దున ఆయా ఫోన్ చేసి చెప్పింది. జహీరాబాద్‌లోని మా చిన్న కంటి దవాఖానలో, శుక్లం ఆపరేషన్‌కు ముందు కన్ను కొలిచేవాళ్లం మేమిద్దరమే. ఏడుపు కన్నా ముందు నాకొచ్చిన ఆలోచన ఇది: ఇక అందరూ నా దగ్గరికే రావాలి. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆమె గురించి అబద్ధం రాస్తే అంతకన్నా సిగ్గు.

అవును, ఆమె అంటే నాకు కుళ్లు. చదువు నాదే ఎక్కువ. ఆమె ఇంటర్ తప్పి, ఇక్కడే చూసి చూసి పని నేర్చుకుంది. అయినా ఝరాసంగం ఆటో దిగిన ముసలమ్మలు నేను ఖాళీగా ఉన్నా ఆమె కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు. చుక్కల మందు వేసి, పెన్నులాంటి ప్రోబును నల్లగుడ్డుకు ఆనిస్తే నా దగ్గర ఉలిక్కిపడేవాళ్లు. ఆమె దగ్గర మాత్రం పని ముగిశాక, "ఇంకా షురూ జెయ్యలేదా బిడ్డా?" అని అడిగేవాళ్లు. ఆ మాట వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

కంటి పొడవు, కంట్లోని కటకం మందం, దాని ముందున్న గది లోతు. యంత్రం చూపిన ఈ మూడూ ఆమె తన నోటుబుక్కులో రాసుకునేది. "ఒక్క అంకెను నమ్మకు. దాని చుట్టాలను గూడ అడుగు" అనేది. వయసుతో కటకం లావెక్కితే ముందు గది ఇరుకవుతుందని నేను పుస్తకంలో బట్టీ పట్టాను. ఆమెకు అది ఇంటి సంగతి: "బీరువా పెద్దగైతే నడిచే జాగ తగ్గదా?"

ఒకరోజు న్యాల్‌కల్ దారిలో ఆటో నడిపే మనిషికి రెండు కళ్లూ కొలిచాను. ఎడమది పొట్టిగా వచ్చింది. దానికి తగ్గట్టు, ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్స్ పవర్ రాసి డాక్టరుగారి గదికి బయల్దేరితే అక్క కాగితం ఆపింది.

"రెండు కండ్లల్ల కటకం ఒక్కతీరుగనే ఉంది. ఎడమ దాంట్ల ముందు గది ఎంత తగ్గిందో, పొడవు గూడ గంతే తగ్గింది. కన్ను పొట్టిది గాదు చెల్లె, నీ చెయ్యి ఒత్తింది."

"అయితే నువ్వే కొలువక్కా," అన్నాను ముఖం మాడ్చుకుని.

"నేనెందుకు? నీ చెయ్యే దిద్దుకోవాలె. జర అల్కగ ఆనియ్యి."

మళ్లీ కొలిస్తే రెండు కళ్లూ దాదాపు సమానం. మొదటి కాగితమే వెళ్లి ఉంటే, ఆపరేషన్ తర్వాత ఆ మనిషికి ఎదురొచ్చే లారీ మసకగా కనిపించేది. ఆలస్యమెందుకని డాక్టరుగారు అడిగితే, "మిషన్ సతాయించింది సార్" అని ఆమే చెప్పింది. ఆ మంచితనం చూసి కూడా కుళ్లుకున్నాను.

పోయినేడు ఆమె కంటికే శుక్లం వచ్చింది. పట్నం పోతుందనుకున్నాను. వచ్చి నా ముందే కూర్చుంది. కొలిచి, ముసలమ్మలు ఆమెను అడిగే ఆ ఒక్క మాట నన్నూ అడుగుతుందేమోనని ఆశగా చూశాను.

"జర ఒత్తినవ్," అని నవ్వింది.

నిన్న ఝరాసంగం అవ్వ ఒకామె, అక్క లేదని తెలిసి, అయిష్టంగానే నా ముందు కూర్చుంది. కొలిచాను. చుట్టాలను కూడా అడిగాను. అన్నీ కుదిరాయి. ప్రోబు పక్కన పెడుతుంటే అవ్వ అడిగింది: "ఇంకా షురూ జెయ్యలేదా బిడ్డా?"

విన్నావా అన్నట్టు గిరుక్కున పక్కకు తిరిగాను. ఈ మాట ఎవరి చెవిన పడాలని ఇన్నేళ్లు కాచుకున్నానో ఆ మనిషి లేదు. ఆమె కుర్చీ వెనక ఆమె తెల్లకోటు, జేబులోని నోటుబుక్కు బరువుకు ఒక పక్కకు వాలి, వేలాడుతోంది.