రాజేశం సార్ అడిగి తెరిచిన తలుపు

ఉదయ హారతి పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది. బొగ్గుగనిలో ఫస్ట్ షిఫ్టుకు పోవలసిన మల్లేశం బండి ఆపి మందిరం గడపలో నిలబడ్డాడు. "కాకా, సార్ పోయిండు" అన్నాడు. ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ గోదావరిఖనిలో సార్ అంటే ఒక్కరే. గుండె నొప్పి వచ్చిందట, దవాఖానకు చేరేలోపే రాజేశం సార్ ప్రాణం పోయిందట. ఆత్మకు చావు లేదని ఏళ్ల తరబడి సత్సంగంలో చెబుతున్నవాణ్ణి. ఆ ఉదయం ఆ మాట నోట రాలేదు. పళ్లెంలో కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

ఆయన డిగ్రీ కళాశాలలో చరిత్ర అధ్యాపకులు. ప్రజల దగ్గర తీసుకున్న పరిశోధన ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రజలందరికీ దొరకాలన్నది ఆయన జీవితవ్రతం. ఆ మాట చెప్పడానికి విశ్వవిద్యాలయాల సదస్సులకూ వెళ్లేవారు. కానీ ఆయనకు ప్రియమైన సభలు మా సత్సంగ మందిరంలో, భజన ముగిశాక జరిగేవి. "జ్ఞానం గూడ ప్రసాదమే కాకా. గర్భగుడిలనే దాస్తే పురుగు వడ్తది" అనేవారు.

గనుల్లో షిఫ్టులు వారం వారం మారతాయి. అందుకని ప్రతి ప్రసంగాన్నీ మూడు వారాలు వరుసగా చెప్పేవారు. సభ ముగిశాక ఉడికించిన శనగల గుడాలు పెట్టేవాళ్లం, మల్లేశం డ్యూటీ మార్చుకుని మరీ మూడు వారాలూ హాజరు.

"సార్, పోయిన వారం గిదే చెప్తివి గదా, మర్చిపోయినవా?" అన్నాడొకసారి.

"గుడాలు నీకు, ముచ్చట డ్యూటీల ఉన్నోళ్లకు. నువ్వు తిను బావా" అన్నారు సార్. మందిరమంతా నవ్వింది.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆచార్యులొకరు, ఒకసారి రికార్డు చేసి నెట్‌లో పెడితే చాలదా అని అడిగారు. "పెడుతనే ఉన్న సార్. కాని రికార్డు ఎదురుంగ కూసోని మనిషిని ఎట్లున్నవని అడుగది గదా" అని సార్ జవాబు.

అడగడమే ఆయన ధర్మం. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనుల కింద పోయిన ఊళ్ల పాటలు, ముచ్చట్లు ఎన్నో రికార్డు చేశారు. కానీ గొంతు ఇచ్చినవారు సభలో కూర్చొని, తమ గొంతు తాము విని, "అందరికీ ఇయ్యి" అనాలి. అంతదాకా అది బయటికి రాదు. సంతకం చాలదు, ఫోన్లో అంటే కుదరదు. తమ వంతు రాకుండానే కన్నుమూసిన ముసలివాళ్లున్నారు. వాళ్ల గొంతులు అట్లాగే మూతబడి ఉన్నాయి. మంచి పనికి ఇంత పట్టింపు ఎందుకని నేను వాదించాను. "పూజకు పువ్వు తెంపాలన్నా చెట్టుకు మొక్కి తెంపుతవు గదా కాకా" అన్నారు.

రామగిరి వైపు ఊరు పోగొట్టుకున్న లస్మవ్వ దగ్గర సార్ రికార్డు చేసిన ఒక వరినాట్ల పాట ఉంది. పొలాల పేర్లు, బావుల పేర్లు, నాటు వేసిన ఆడవాళ్ల పేర్లు వరుసగా వస్తాయి. ఆ ఊరిలో మిగిలింది అదొక్కటే. ఆ పాట వచ్చినవాళ్లలో ఆమె తప్ప ఎవరూ లేరు, ఆమెకూ ఇప్పుడు చరణాలు తప్పిపోతున్నాయి. సభలో విని చెప్పడానికి ఆమె వంతు వచ్చిన వారమే సార్ పోయారు.

దినకర్మలు అయ్యాక మేమే ఆ సభ జరిపాం. సార్ శిష్యురాలు శ్రావణి ల్యాప్‌టాప్ తెచ్చి పాట వినిపించింది. అవ్వ పెదవులు దానితోపాటే కదిలాయి. నడుమ పాట ఆగి, సార్ గొంతు వినబడింది: "అవ్వా, అలిసినట్టున్నవు. నీళ్లు తాగుతవా?"

అవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. పాట అయిపోయాక శ్రావణి, సార్ అడిగే ప్రశ్నే అడిగింది: "అవ్వా, అందరికీ ఇయ్యాల్నా?"

"వద్దు బిడ్డా."

"గట్లంటవేంది అవ్వా? సార్ కష్టం మట్టిల గలుస్తది" అన్నాడు మల్లేశం.

"ఊరే మట్టిల గలిసింది కొడుకా. తవ్వెటప్పుడు నన్నెవ్వలడిగిండ్రు? నా మొఖం జూసి అడిగినోడు గాయినె ఒక్కడే. ఇస్తే గాయినకే ఇద్దును. ఇగ మూసెయ్యి."

శ్రావణి నా వైపు చూసింది. తెరిస్తే పాట బతుకుతుంది, సార్ మాట చస్తుంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ల్యాప్‌టాప్ మూసింది.

భగవంతుని సన్నిధిలో ఏ శబ్దమూ నశించదని నేను నమ్ముతాను. మా నేల మీద మాత్రం నశిస్తుంది, కళ్లారా చూశాను. ఆనాడు గుడాలు పంచాం. మల్లేశం తన దోసిట్లోవి తినకుండా, సార్ కూర్చునే చాప మీద పోసి వెళ్లిపోయాడు. వచ్చే వారం ఇదే సభ మళ్లీ పెట్టాలా అని ఎవరూ అడగలేదు.

అడిగే మనిషి ఇక లేడు.