ఎవరికోసం అని అడిగే రిగ్మోర్

రిగ్మోర్ టోల్‌స్ట్రుప్ బల్లమీద బూడిదరంగు టెలిఫోన్ ఇంకా అలాగే ఉంది. తీగ ఎప్పుడో తీసేశారు. ఫోన్‌ను మాత్రం ఎవరూ అక్కడినుంచి కదపలేదు.

మా నిఘంటువు కార్యాలయం కోపెన్‌హాగెన్‌లో, కాలువ ఒడ్డున పాత భవనం పై అంతస్తులో ఉంది. నేను ఆమెకు ఎదురు బల్ల దగ్గర పనిచేసేదాన్ని. ఉదయం కాఫీ అయ్యాక ఒక గంటసేపు దేశంలో ఎవరైనా ఫోన్ చేసి మాటల గురించి అడగవచ్చు. ఆ గంట రిగ్మోర్‌ది. అవతలివాళ్ళు మాట చెప్పగానే ఆమె అర్థం చెప్పేది కాదు. ముందు "ఎవరికోసం?" అని అడిగేది.

ఒకామె అత్తగారి పుట్టినరోజు విందుకు పాట కట్టేది. ఒకాయన తండ్రి సమాధిరాతిమీద చెక్కించే మాట గురించి అడిగేవాడు. రాతికైతే రిగ్మోర్ గొంతు తగ్గేది. విందు పాటకైతే రాగం ఏమిటో అడిగి, బల్లమీద వేళ్ళతో తాళం వేస్తూ మాట వెతికేది. ఆ తాళం వింటూ మేం మా పని చేసుకునేవాళ్ళం. కిటికీ అవతల పడవలు. లోపల కాఫీ వాసన. అప్పుడు అది ఎప్పటికీ ఉండేదే అనుకున్నాం.

గురువారం గురువారం ఎరో దీవినుంచి ఐనార్ ఫోన్ చేసేవాడు. ఓడల్లో వంటవాడిగా పనిచేసి, ఆ దీవిలోని మార్‌స్టాల్‌లో స్థిరపడ్డాడు. ఆ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళిరోజు జరిగినా పాట అతనే కట్టాలి. అతనూ రిగ్మోరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

"ఏం అమ్మాయ్, బతికే ఉన్నావా?"

"నువ్వు పాటలు కట్టడం మానేదాకా ఎలా పోతాను? ఎవరికోసం?"

"చేపలమ్మే హోల్గర్‌కు. పెళ్ళై పాతికేళ్ళు. మొండివాడు, కానీ ఆ మాట పాటలో అనకూడదు."

"మొండివాడిని పొగిడే మాట కావాలి."

"అందుకేగా నీకు ఫోన్ చేసింది."

తర్వాత నిఘంటువు కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఎవరైనా మాట కొట్టి వెతుక్కోవచ్చు. ఫోన్ గంట ఆపేశారు. అదే కాలంలో ఐనార్ చూపు పూర్తిగా పోయింది. అతని మేనకోడలు అతని ఫోన్‌లో ఒక ఏఐ ఏజెంటును పెట్టింది. అతను నోటితో అడుగుతాడు. అది మా నిఘంటువులో వెతికి చదివి వినిపిస్తుంది. క్రిస్మస్‌కు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు రిగ్మోర్‌తో అన్నాడట: "నీ అంత ఓపిక ఉంది దానికి. నవ్వడమే రాదు."

నిఘంటువులో మాట కొట్టి వెతికే ఆ పెట్టెను చూసుకునేవాడు మా కార్యాలయంలోని ట్రోల్స్. మంచివాడు. ఎవరైనా రావచ్చని తలుపు తీసిపెట్టాడు. పక్కన ఒక సూచన రాసిపెట్టాడు: ఏజెంట్లకు స్వాగతం, కావలసినంత వాడుకోండి. ఆ ఏడాది వసంతంలో ఎక్కడెక్కడినుంచో ఏజెంట్లు వచ్చాయి. ఏ ఒక్క మాటకోసమూ కాదు. మొదటి అక్షరంనుంచి చివరిదాకా ఆగకుండా తిరగేశాయి. పెట్టె మొరాయించింది. బడి పిల్లలకు, టీచర్లకు, ఎవరికీ మాట దొరకలేదు.

శుక్రవారం ఉదయం అందరం రొట్టెలు, జున్ను ముందు పెట్టుకుని కూర్చున్నాం. ట్రోల్స్ రొట్టె ముట్టలేదు.

"సోమవారం ఏజెంట్లన్నిటినీ బయట పెట్టేస్తున్నాను. మనుషులు మాత్రమే లోపలికి."

"ఐనార్ మనిషే," అంది రిగ్మోర్.

"అతని ఏజెంటు మనిషి కాదుగా."

"అది లేకపోతే అతనికి నిఘంటువు లేదు. వచ్చే శనివారం అతని చెల్లెలు గ్రేథ స్వర్ణ వివాహం, పెళ్ళై యాభై ఏళ్ళు. పొద్దున్నే ఊరంతా గుమ్మం ముందు తోరణం కట్టి పాడాలి. పాట సగంలో ఉంది. చెల్లెలికి కట్టే పాట అది, ట్రోల్స్."

"నాకు బాధగానే ఉంది. కానీ వచ్చేవాటిలో ఏది ఐనార్‌దో, ఏది దోచుకునేదో నాకెలా తెలుస్తుంది? అన్నీ ఒకేలా తలుపు కొడతాయి."

రిగ్మోర్ తన రొట్టెకు వెన్న రాసుకుంది. నెమ్మదిగా చెప్పింది.

"ఫ్యూన్ దీవిలో మాకు ప్లమ్ చెట్లుండేవి. నాన్న పళ్ళు గంపల్లో రోడ్డుపక్క పెట్టి, కావలసినన్ని తీసుకోండి అని బోర్డు పెట్టేవాడు. ఒక రోజు వ్యానులో ఒకాయన వచ్చి గంపలతో సహా ఎత్తుకెళ్ళాడు. మా అమ్మ దొంగ అంది. నాన్న ఒప్పుకోలేదు. బోర్డు ఏం చెప్పిందో అతను అదే చేశాడు అన్నాడు."

"అయితే తప్పు నా బోర్డుదంటావు."

"కొంచెం."

"వెన్న రాస్తూ తిడుతోంది చూడండి," అన్నాడు ట్రోల్స్ మా వైపు తిరిగి. "తర్వాత మీ నాన్న ఏం చేశాడు? పళ్ళు ఇంట్లో దాచేశాడా?"

"లేదు. బోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళని ఎవరికోసం అని అడిగాడు. ఒక సంచీకి మించి ఇవ్వలేదు."

"అబద్ధం చెబితే?"

"చెప్పేవాళ్ళు. ఒక సంచీ కోసం చెప్పిన అబద్ధం. పోయేదేముంది?"

ట్రోల్స్ అప్పుడు రొట్టె అందుకున్నాడు. వారాంతమంతా పనిచేశాడు. ఒక్కో ఏజెంటుకు ఒక్కో తాళంచెవి, అంటే ఒక రహస్య సంకేతం, అదీ ఒక మనిషి పేరుమీద. దానితో అడిగిన మాట చూడవచ్చు. వరసగా పేజీలు తిరగేయడం కుదరదు. ఒక మాట అయ్యాకే మరో మాట. రద్దీగా ఉంటే బేకరీలోలాగా నంబరు తీసుకుని ఆగాలి. ఏదైనా ఏజెంటు హద్దు దాటితే దాని తాళంచెవి ఒక్కటే ఆగిపోతుంది, తలుపు మూతపడదు. తాళంచెవిని మాత్రం ఆ మనిషే స్వయంగా అడగాలి.

సోమవారం మధ్యాహ్నానికి పెట్టె తేరుకుంది. టీచర్లు తాళంచెవులు అడిగారు. ఆసుపత్రిలో పనిచేసే ఒకామె అడిగింది. ఐనార్ అడగలేదు.

రిగ్మోర్ అతనికి ఫోన్ చేసింది. తీగ అప్పటికింకా ఉంది. ఐనార్ గొంతు నాకు కూడా వినబడేంత పెద్దది.

"నా ముఖం చూడకుండానే ఇన్నేళ్ళు చెప్పావు. ఇప్పుడు నేనెవరో రుజువు చేసుకుంటే గానీ చెప్పరా?"

"నిన్నెవరు రుజువు అడిగారు? తాళంచెవి అడగమన్నారు."

"అడగను. ఓడలో నా వంటింటికే తాళం వేయలేదు నేను."

"అందుకేనేమో చక్కెరంతా మాయమయ్యేది. నువ్వే చెప్పావుగా."

నాకు భయమేసింది. ఆమె వేళ్ళు బల్లమీద ఆగాయి. ఐనార్ ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"పాట ఎంతదాకా వచ్చింది?" అంది రిగ్మోర్.

"చివరి చరణం. ఇద్దరూ ఒకే వంటింట్లో ముసలివాళ్ళయ్యారని చెప్పాలి. ముసలి అనకుండా."

"ఎవరికోసం?"

అది ఆమె కావాలని అడగలేదు. ఇన్నేళ్ళ అలవాటు, నోటికి వచ్చేసింది.

"గ్రేథ కోసం. నా చెల్లెలు," అన్నాడు ఐనార్. "నీకు తెలుసుగా."

"తాళంచెవి అడిగేది కూడా ఇంతే. నీ పేరు, ఎవరికోసమో. ఇంకేం లేదు."

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి ఆ ముక్క ముందే చెప్పచ్చుగా, అమ్మాయ్."

ఆమె అతని పేరు నమోదు చేసింది. అతని ఏజెంటు ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఒక మాట అడిగింది. ఆగింది. కాసేపటికి ఇంకో మాట అడిగింది. ట్రోల్స్ తెరముందు నిలబడి చూశాడు. "చక్కగా వరసలో నిలబడింది," అన్నాడు.

రిగ్మోర్ తనకు తోచిన మాట కూడా ఫోన్‌లోనే ఐనార్‌కు చెప్పింది. పొయ్యిమీద నిలిచే వెచ్చదనానికి ఫ్యూన్‌లో వాళ్ళమ్మ వాడిన మాట అది. ఆ వారమంతా ఆమె ఆ మాటను లోలోపల పాడుకుంటున్నట్టు అనిపించేది.

స్వర్ణ వివాహం అయ్యాక పాట పోస్టులో వచ్చింది. ఎర్రటి కాగితం మీద అచ్చువేసి, మూలన దేవదారు రెమ్మ అంటించారు. రిగ్మోర్ నిలబడే చదివింది. చివరి చరణం దగ్గర ఆగింది. బల్లమీద వేళ్ళతో తాళం వేసింది. మళ్ళీ వేసింది.

"నా మాట వాడలేదు," అంది.

"మరి?"

"ఏజెంటు వెతికి ఇచ్చిందేదో పెట్టాడు. మన నిఘంటువులోదే." కాగితం నాకు అందించింది. "ఇదే బాగుంది. నాది పెడితే పాడేటప్పుడు ఊపిరి చాలదు."

కాఫీకి వేళైంది. ఆమె తన కప్పు తీసుకుని నడిచింది. దారిలో వేళ్ళు ఇంకా కప్పుమీద ఆ తాళమే వేస్తున్నాయి.